కాగు నుంచి గీజరు దాకా



నిడదవోలులో మా అమ్మమ్మగారి మండువా ఇల్లు బాగుచేయిస్తున్నారు. "వదినా, వేణ్ణీళ్ళకి కరెంటు గీజరు పెట్టించమంటావా, గ్యాసుదా, ఎండకి కాగేదా?" అని మా మామయ్యగారి కోడలు అడిగింది. మన గోదావరి సీమలో ఇంటిని వెచ్చబెట్టే పని లేదుగాని, పుష్యమాసం పొద్దున్నే వేణ్ణీళ్ళు లేకుండా స్నానం సాగుతుందా చెప్పండి?

ఆ ఇంటి పెరట్లో నీళ్ళకాగు ఉండేది. కొబ్బరిమట్టలు, పిడకలు, సరుగుడు కట్టెలు, చేతికందిందల్లా దాని కిందికే. పైసా ఖర్చు లేదని ఇంటిల్లిపాదీ మురిసేవారు. తెల్లవారుజామున గొట్టంతో ఊదుతూ దగ్గే అమ్మమ్మ ఊపిరి మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఆ లెక్క చూసినవారిలో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన ఎస్.పి. రాజుగారొకరు. పొగలేని వంటిళ్ళ మీద 1953లో ఏకంగా ఒక పుస్తకమే ప్రచురించారు. ఆయన పొయ్యి మట్టిదే. ఒకే మంట మీద రెండు మూడు గిన్నెలు కాగేవి, పొగ గొట్టంలోంచి బయటికి పోయేది. 1980 దశకంలో కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల పథకం చేపట్టింది. 1999లో మన రాష్ట్రంలో వచ్చిన దీపం పథకం ఆడవాళ్ళ పేరిట గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. అయినా ఎన్నో ఇళ్ళల్లో గ్యాసు వంటకే దాచుకుని, స్నానాల నీళ్ళకి కట్టెలే ఎగదోశారు. వంటింటి పొగ పెరట్లోకి మారిందంతే!

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇరవై లీటర్ల నీళ్ళు 20 డిగ్రీలు వేడెక్కడానికి కరెంటు సుమారు అర యూనిట్ చాలు. గ్యాసైతే 70 గ్రాములు. మామూలు కట్టెలపొయ్యి మీద దాదాపు కిలో కట్టె. వేడిలో పదోవంతే నీళ్ళకి చేరుతుంది మరి!

పాత ఇల్లు కనుక మూడు జాగ్రత్తలు. రెండు కిలోవాట్ల గీజరు తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది. పాత తీగలకీ, అయిదు ఆంపియర్ల ప్లగ్గుకీ తగిలించకండి. కొత్త తీగ, ఎర్తు తప్పనిసరి. గ్యాసు గీజరు మూసిన స్నానాలగదిలో వద్దు. వాసనలేని విషవాయువు ప్రాణం తీస్తుంది. ఎండ హీటరులో వంద లీటర్లంటే నీళ్ళ బరువే వంద కిలోలు. పెంకుల కప్పు మొయ్యలేదు, స్లాబు కావాలి.

మా అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఏది పెట్టించినా ధర ఒక్కటే అడక్కండి. రోజూ తెల్లవారకముందే లేచి దాన్ని రాజేసేదెవరో, ఆ పొగ పీల్చేదెవరో కూడా అడగండి.