ఇంటీరియర్ డిజైన్ వృత్తి: అడ్వాన్సు, లెక్కలు

కోవిల్‌పట్టి, విరుదునగర్ పట్టణాలలో ఇంటీరియర్ డిజైన్ వృత్తి చేపట్టేవారు మొదట గ్రహించవలసిన విషయం ఒకటున్నది. గృహస్థు ఇచ్చిన అడ్వాన్సు ఆదాయం కాదు. పని ముగిసేవరకు అది బాకీయే. ఒకరి అడ్వాన్సుతో మరొకరి ఇంటికి ప్లైవుడ్ కొన్ననాడే చిక్కులు మొదలవుతాయి. కావున ప్రతి ఇంటికీ విడి పద్దు వ్రాయాలి.

ఒప్పందం: డిజైన్ రుసుము, సామగ్రి ధర, వడ్రంగి కూలి వేర్వేరుగా చూపాలి. వాయిదాలు పని దశలను అనుసరించాలి. ఇంట తెలుగు మాట్లాడినా తమిళమే చదవగలవారికి పత్రం తమిళంలో ఇవ్వాలి.

జీఎస్టీ: 2017 జూలై 1 నుండి అమలులో ఉన్నది. తమిళనాడులో సేవలందించేవారి వార్షిక టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటితే నమోదు తప్పనిసరి. వారు సరఫరా చేసిన సామగ్రి విలువ కూడా అందులో చేరుతుంది. నమోదైనవారు సేవకై పుచ్చుకున్న అడ్వాన్సుపైనా 18 శాతం పన్ను చెల్లించాలి. ఆ సొమ్మును ముందే తీసి ఉంచాలి.