ఆర్‌ఎండీ సొమ్మును మళ్లీ ఖాతాలో వేయొచ్చా? అమెరికా రిటైర్మెంట్ అకౌంట్ రూల్స్ ఇవే..

అమెరికాలో ఉద్యోగం చేసి రిటైరైన తెలుగువారిలో చాలామందికి 401(కే), ట్రెడిషనల్ ఐఆర్‌ఏ ఖాతాలుంటాయి. 73 ఏళ్లు వచ్చిన ఏడాది నుంచి వీటిలోంచి ఏటా కొంత సొమ్ము తీయాల్సిందే. 1960లో, ఆ తర్వాత పుట్టినవారికి ఈ వయసు 75. దీన్నే రిక్వైర్డ్ మినిమమ్ డిస్ట్రిబ్యూషన్.. ఆర్‌ఎండీ అంటారు. ఇండియాకు తిరిగొచ్చేసినా ఖాతా అక్కడే ఉంటే రూల్ వర్తిస్తుంది. మరి ఖర్చు లేదని ఆ డబ్బును మళ్లీ అందులోనే వేసేయొచ్చా? కుదరదు.

2020 మినహాయింపు సంగతేంటి?
కరోనా టైమ్‌లో వచ్చిన కేర్స్ చట్టం 2020 ఆర్‌ఎండీని రద్దు చేసింది. అప్పటికే డబ్బు తీసుకున్నవారు ఆగస్టు 31లోగా తిరిగి జమ చేసుకోవచ్చని అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ప్రకటించింది. కానీ అది ఆ ఒక్క ఏడాదికే. అదే రూల్ ఇప్పటికీ ఉందనుకుంటే పొరపాటే.

ఎంత వెనక్కి వేయొచ్చు?
గత డిసెంబర్ 31 నాటి బ్యాలెన్స్‌ను ఐఆర్‌ఎస్ పట్టికలో మీ వయసుకున్న అంకెతో భాగిస్తే ఆర్‌ఎండీ వస్తుంది. 73 ఏళ్లకు ఆ అంకె 26.5. ఐఆర్‌ఏలో 2,65,000 డాలర్లుంటే ఆర్‌ఎండీ 10,000 డాలర్లు. ఆ ఏడాది 15,000 తీశారనుకుందాం. మొదటి 10,000 ఆర్‌ఎండీ కిందే లెక్క. మిగతా 5,000 మాత్రం 60 రోజుల్లో తిరిగి వేసుకోవచ్చు. ఐఆర్‌ఏల మధ్య ఈ ఛాన్స్ 12 నెలల్లో ఒక్కసారే. ఆ 5,000లో ట్యాక్స్ కట్ అయి ఉంటే, మొత్తం వెనక్కి చేరాలంటే ఆ తేడాను జేబులోంచి వేయాలి.

వేసేస్తే ఏమవుతుంది?
ఆర్‌ఎండీ సొమ్ముపై ఎలాగూ ఇన్‌కమ్ ట్యాక్స్ పడుతుంది. దాన్ని మళ్లీ ఐఆర్‌ఏలో వేస్తే, అనుమతించిన పరిమితికి మించిన జమపై ఏటా 6 శాతం అదనపు పన్ను పడుతుంది. తీసేసేదాకా ఏటా ఇదే వరస. రిటర్న్ గడువులోగా ఆ సొమ్మును, దానిపై వచ్చిన రాబడితో సహా తీసేస్తే ఈ 6 శాతం తప్పుతుంది.

అసలు తీయకపోతే?
తీయాల్సిన మొత్తంపై 25 శాతం పెనాల్టీ. రెండేళ్లలోపు సరిదిద్దుకుంటే 10 శాతం. సరైన కారణం ఉంటే ఫారం 5329తో మినహాయింపు కోరవచ్చు.

డబ్బు అవసరం లేకపోతే?
మామూలు బ్రోకరేజ్ ఖాతాలో ఇన్వెస్ట్ చేసుకోవచ్చు. లేదంటే ఐఆర్‌ఏ నుంచి నేరుగా అర్హత ఉన్న అమెరికా చారిటీకి పంపొచ్చు. పరిమితి లోపల అది ఆర్‌ఎండీ కింద లెక్కవుతుంది, ఆదాయంలో మాత్రం కలవదు. చెక్ మీ పేరున తీసుకుని తర్వాత విరాళమిస్తే ఈ లాభం రాదు. అందుకే డబ్బు తీయకముందే అడ్వైజర్‌తో లెక్క చూసుకోవడం మంచిది.