మధ్య అంతస్తులో వెలిసిన తెర

మా అవ్వది వనపర్తి దగ్గర ఒక పల్లె. ఎం.బి. చర్చి సభ్యురాలు. బొట్టు పెట్టదు, పోచమ్మ బోనం ముట్టదు, జాతర ప్రసాదం తినదు. ఇవన్నీ విగ్రహారాధన కిందికి వస్తాయని చిన్నప్పుడే నేర్చుకుంది. అదే అవ్వ మోకాళ్ల నొప్పులు ముదిరాక, పొద్దున టీవీలో ప్రార్థన మొదలవగానే కొబ్బరినూనె సీసా తెచ్చి తెర ముందు పెట్టేది. ప్రసంగీకుడు చెప్పగానే లేచి తెర మీద చెయ్యి ఆనించేది. తర్వాత ఆ నూనె మోకాళ్లకు రాసుకునేది. ఒకరోజు కరెంటు పోయింది. "ఇయాల దేవుడు రాలే బిడ్డా" అంది.

అప్పుడు నవ్వాను. తర్వాత ఆ మాట నన్ను వదల్లేదు. రాయికి మొక్కని మనిషి తెరకు ఎట్లా మొక్కింది? జవాబు కోసం వందేళ్లు వెనక్కి పోవాల్సి వచ్చింది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016లో వేర్వేరు జిల్లాలయ్యాయి గానీ, అంతకుముందు అంతా పాలమూరే. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూల్‌లో మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ పని మొదలుపెట్టాడు. తర్వాత అది వనపర్తికీ పాకింది. గద్వాల మొదట అమెరికన్ బాప్టిస్టుల చేతిలో ఉండి, 1937లో వీళ్లకు వచ్చింది. చర్చిలో చేరినవాళ్లు ఎక్కువగా మాల మాదిగలు. జాతరలో డప్పు కొట్టబోమని ఒక మాదిగ క్రైస్తవుడు చెప్పడమంటే ఊరి పెద్దలతో వైరం తెచ్చుకోవడమే, కూలి పోగొట్టుకోవడమే. విగ్రహాన్ని వదలడం వాళ్లకు ఊరికే వచ్చిన సద్గుణం కాదు. వెల కట్టి కొనుక్కున్నది.

మిషన్ బైబిలుతో పాటు బడినీ ఆసుపత్రినీ తెచ్చింది. డాక్టర్ కాతరినా షెల్లెన్‌బర్గ్ 1907లో ఇండియాకు వచ్చి, 1945లో చనిపోయేదాకా ఇక్కడే వైద్యం చేసింది. 1950ల్లో జడ్చర్లలో ఆసుపత్రి వచ్చింది. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడితే కృతఘ్నత అవుతుంది. మశూచిని మన ఊళ్ల నుంచి పంపేసింది టీకానే.

కానీ ఆ ఏర్పాటులో ఒక లోపం ఉందని చెప్పినవాడు బయటివాడు కాదు. పాల్ హీబర్ట్ 1932లో షంషాబాద్‌లో మిషనరీల ఇంట్లో పుట్టాడు. తానూ మిషనరీగా పనిచేశాడు. పాలమూరు జిల్లాలోని కొండూరు గ్రామ జీవితం మీద 1971లో పుస్తకం వేశాడు. 1982లో రాసిన ఒక వ్యాసంలో ఆయన వాదన ఇది: పల్లె మనిషి లోకానికి మూడు అంతస్తులు. పైన పరమదైవం, సృష్టి, మోక్షం. కింద కంటికి కనిపించే పొలం, ఒళ్లు, మందు. మధ్యలో గ్రామదేవతలు, దయ్యాలు, దిష్టి, శకునాలు. పిల్లకు ఈ జ్వరం ఇప్పుడే ఎందుకొచ్చింది, రేపు ఏమవుతుంది అనే ప్రశ్నలు తీరేది ఈ మధ్య అంతస్తులోనే. మిషనరీ పై అంతస్తును మతానికీ, కింది దాన్ని సైన్సుకూ అప్పగించాడు. మధ్యలో ఏమీ లేదనుకున్నాడు. అందుకే చాలామంది క్రైస్తవులు ఆదివారం చర్చికి వెళ్లి, కష్టం వస్తే మంత్రగాడి దగ్గరికి వెళ్లేవాళ్లని హీబర్ట్ గమనించాడు.

నాకు అనిపించేది ఏమంటే, ఆ అంతస్తు ఖాళీగా ఉండిపోలేదు. మా అవ్వ పోచమ్మ దగ్గరికి పోలేదు, పోనని మాట ఇచ్చింది కాబట్టి. డాక్టరు మోకాళ్లు అరిగిపోయాయని చెప్పి మాత్రలు రాశాడు. ఆ రెండింటి నడుమ ఉన్న భయానికి జవాబు చెప్పింది టీవీ ఒక్కటే. పైగా దానికి ముక్కూ మొహం చెక్కలేదు కదా, సండే స్కూలు నేర్పిన ఏ గుర్తు ప్రకారం చూసినా అది విగ్రహం కాదు.

బైబిల్లో దీనికి దగ్గరి కథ ఒకటుంది. పాము కాటు నుంచి జనాన్ని బతికించడానికి మోషే ఇత్తడి సర్పాన్ని చేస్తాడు. అదీ దేవుడు చెప్తేనే. తరాలు గడిచాక జనం దానికే ధూపం వెయ్యడం మొదలుపెడితే, హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేస్తాడు. సర్పం మారలేదు, దాని ముందు నిలబడిన మనుషులు మారారు. అందుకే వస్తువును చూసి విగ్రహమో కాదో తేల్చలేం. అది లేని రోజు దేవుడే రాలేదనిపిస్తే, అప్పుడు తేలిపోతుంది.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. చూసేవాడు మళ్లీ ఎప్పుడొస్తాడు, ఎంతసేపు ఉంటాడు అని కొలవడం మా పనిలో భాగం. ఆ లెక్కల్లో మోకాళ్ల నొప్పికి గడి ఉండదు. తెరకు చూసేవాళ్లు ఎంతమందో తెలుసు, అవ్వ తెలియదు.

నూనెలో తప్పు లేదు. రోగి ఉంటే సంఘపెద్దలను పిలిపించి, నూనె రాసి ప్రార్థన చేయించమని యాకోబు పత్రికే చెబుతుంది. అక్కడ నూనెతో పాటు ఒక మనిషి ఇంటికి వస్తాడు, పక్కన కూర్చుంటాడు. తెర నూనెను ఉంచి మనిషిని తీసేసింది. చర్చి తిరిగి తెచ్చుకోవాల్సింది ఆ మనిషినే. టీవీలు పగలగొట్టి లాభం లేదు.

ఇది చర్చికి చెప్పినంత తేలిగ్గా నాకు నేను చెప్పుకోలేను. అవ్వకు తోడుగా ఉంటుందని ఆ టీవీ కొనిచ్చింది నేనే. ఆమె మోకాళ్లకు నా చేత్తో నూనె రాసిన రోజులు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు.