జనం వేరు, ఓట్లు వేరు: బెజవాడ ఎన్నికల సభల కథ

ఎన్నికల సభకు వచ్చిన జనాన్ని చూసి గెలుపోటములు తేల్చటం మన బెజవాడ ప్రాంతంలో పాత అలవాటు. మైదానం నిండింది కాబట్టి అభ్యర్థి గట్టెక్కినట్టే అని ఒకరంటే, జనం వేరు, ఓట్లు వేరు అని పక్కవారు అందుకుంటారు. ఈ రెండో మాట ఊరికే పుట్టింది కాదు. దాని వెనుక కృష్ణా డెల్టా రాజకీయానుభవం చాలా ఉన్నది. అది ఎలా సమకూరిందో, నేటి భవానీపురం వీధి సమావేశాల దాకా ఎలా వచ్చిందో క్లుప్తంగా చెప్పుకుందాం.

బెజవాడ సభ అనగానే ముందు తలచుకోవలసినది 1921. ఆ ఏడు మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘం ఇక్కడ సమావేశమైంది. గాంధీగారు వచ్చారు. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కాంగ్రెసులో కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అన్న తీర్మానం ఆ సమావేశానిదే. అయితే అప్పటికి కాంగ్రెసు శాసనసభలను బహిష్కరించి ఉన్నది కనుక అక్కడ ఓట్ల ప్రసక్తి లేదు. జనాన్ని పోగుచేసే విద్య మనవారికి ముందు పట్టుబడింది. ఓటడిగే విద్య తరువాత వచ్చింది.

అది 1937 ఎన్నికలతో వచ్చింది. ఆనాడు ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్న వారికే ఓటు. చదువు రానివారి కోసం మదరాసు రాష్ట్రంలో రంగు పెట్టెలు పెట్టారు. కాంగ్రెసు వారిది పసుపు పెట్టె. స్వరాజ్యం, పన్నులు, రైతు అప్పులు ఎన్ని మాట్లాడినా ఉపన్యాసం చివరికి పసుపు పెట్టె దగ్గరకే రావాలి. శాసనసభలోని 215 స్థానాలలో 159 కాంగ్రెసుకు దక్కాయి. పసుపు మన ఇళ్ళలో శుభానికి గుర్తు. ప్రచారకులకు అది ఎంత కలిసివచ్చి ఉంటుందో ఊహించవచ్చు.

స్వాతంత్ర్యం తరువాత, 1952 తొలి సార్వత్రిక ఎన్నికలకు వయోజనులందరికీ ఓటు వచ్చింది. అప్పుడు కూడా ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దానిమీద గుర్తు. ఓటరు చీటీమీద ఏ ముద్రా వేయనక్కరలేదు. తనకు నచ్చిన పెట్టెలో వేస్తే చాలు. కాంగ్రెసుది కాడెద్దులు, కమ్యూనిస్టులది కంకి కొడవలి, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీది గుడిసె. సభ ఒక విధంగా బడి అయింది. అక్షరం రాని కూలికీ, మొదటిసారి ఓటేయబోతున్న ఇల్లాలికీ గుర్తు పోల్చుకోవటం నేర్పాలి. ఈ పనికి కమ్యూనిస్టుల దగ్గర అప్పటికే పదునెక్కిన సాధనాలున్నాయి. ప్రజానాట్యమండలి 1940లలోనే బుర్రకథను పల్లెపల్లెకూ తీసుకుపోయింది. నాజర్ కథ చెబుతున్నాడంటే జనం బళ్ళు కట్టుకుని వచ్చేవారు. బెజవాడ లోక్‌సభ స్థానంలో తెలుగువాడు కాని కవి హరీంద్రనాథ్ చటోపాధ్యాయ స్వతంత్రుడిగా, కమ్యూనిస్టుల మద్దతుతో గెలిచాడంటే ఆ ప్రచారపు సత్తా ఎంతటిదో ఆలోచించండి. మదరాసు శాసనసభలో కమ్యూనిస్టులకు వచ్చిన 62 స్థానాలలో 41 ఆంధ్ర ప్రాంతానివే.

అసలు పాఠం మూడేళ్ళకు వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1954 నవంబరులో ప్రకాశంగారి మంత్రివర్గం పడిపోయింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు. ఈసారి అధికారం తమదేనని కమ్యూనిస్టులు గట్టిగా నమ్మారు. అటువైపు కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ కలిసి ఐక్య కాంగ్రెసు కూటమి కట్టాయి. దాన్ని నడిపించటానికి బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్ వచ్చాడు. ఫలితం తేలేసరికి 196 స్థానాలలో కూటమికి 146, కమ్యూనిస్టులకు 15.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. కమ్యూనిస్టులకు ఓట్లు తగ్గలేదు. దాదాపు 31 శాతం వచ్చాయి. సభలకు వచ్చిన జనం అబద్ధం కాదు, వారు ఓటెయ్యకపోనూ లేదు. 1952లో చీలిపోయిన ఎదుటి ఓట్లు 1955లో ఒకే పెట్టెలో పడ్డాయి, అంతే. సభకు రానివారిని లెక్కపెట్టే ఉపాయం ఏ మైదానంలోనూ లేదు. భూమి పోతుందన్న భయంతో ఇంట్లోనే కూర్చున్న రైతు, కులపెద్ద మాట విన్న కుటుంబం, వీరెవరూ ఎర్రజెండాల నడుమ కనబడరు. నా దృష్టిలో జనం వేరు, ఓట్లు వేరు అన్న మాటకు సరైన అర్థం ఇదే.

1983లో సభ తీరే మారిపోయింది. 1982 మార్చి 29న పార్టీ పెట్టిన రామారావుగారు చైతన్యరథమెక్కి ఊరూరా తిరిగారు. జనం సభకు పోవటం కాదు, సభే జనం గుమ్మంలోకి వచ్చింది. 294 స్థానాలలో 200కు పైగా తెలుగుదేశానికి దక్కాయి. ఈసారి జనమూ ఓట్లూ ఒకటే అయ్యాయి. ఆ గెలుపు చూసిన ప్రతి పార్టీకీ రథం కావలసివచ్చింది, రథం చుట్టూ కిక్కిరిసిన జనం కావలసివచ్చింది. జనాన్ని ఒప్పించటం కన్నా జనాన్ని చూపించటం ముఖ్యమైపోయింది.

దీని ఖరీదు చిన్నది కాదు. 2022 డిసెంబరు 28న కందుకూరులో చంద్రబాబునాయుడు సభ దగ్గర తొక్కిసలాటలో 8 మంది చనిపోయారు. రోడ్లమీద సభలను కట్టడి చేస్తూ నాటి ప్రభుత్వం 2023 జనవరిలో ఒకటో నంబరు జీవో తెచ్చింది. ప్రతిపక్షాల నోరు నొక్కటానికే ఇది అన్నారు అవతలివారు. మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. సభ పెట్టుకునే హక్కు నిలిచింది, మంచిదే. ఆ హక్కును వాడుకునేవారి బాధ్యత మాట మాత్రం ఏ తీర్పుతోనూ తీరేది కాదు.

ఇక భవానీపురం. దుర్గమ్మ కొండకు పడమరగా, కృష్ణ ఒడ్డున ఉన్న ఈ పేట విజయవాడ పశ్చిమ నియోజకవర్గంలోది. ఆ నియోజకవర్గం 1999లో కాంగ్రెసును, 2004లో సి.పి.ఐ.ని, 2009లో ప్రజారాజ్యాన్ని, 2014, 2019లలో వై.ఎస్.ఆర్. కాంగ్రెసును, 2024లో భారతీయ జనతా పార్టీని గెలిపించింది. పాతికేళ్ళలో అయిదు జెండాలు! ఇలాంటి చోట పెద్ద మైదానం ఏం చెప్పగలదు? అందుకే తెలిసిన కార్యకర్త వీధి సమావేశాన్ని నమ్ముకుంటాడు. ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని, ఏ ఇంట్లో ఎన్ని ఓట్లు, ఎవరు ఊళ్ళో లేరు, పోలింగు కేంద్రం దగ్గర ఏజెంటుగా ఎవరు కూర్చుంటారు అని తేల్చే నలభై మంది కూడిక అది. అక్కడ మైకు ఉండదు, ఎదురు ప్రశ్న ఉంటుంది. కుళాయి నీళ్ళ సంగతేమిటని అడిగిన ఇల్లాలికి అభ్యర్థి అక్కడికక్కడే జవాబు చెప్పవలసివస్తుంది.

పోలింగు ముగిసే వేళకు 48 గంటల ముందు చట్టం సభలన్నిటినీ ఆపివేస్తుంది. మైకులు మూగబోయిన ఆ రెండు రోజులలో ఓటరు ఒంటరిగా ఆలోచిస్తాడు. అప్పుడు అతనికి గుర్తుండేది తాను ఎంతమందిలో నిలబడ్డాడన్నది కాదు, తన మాట ఎవరు విన్నారన్నది. మీ ఇంట్లో 1955 చూసిన పెద్దలుంటే ఒకసారి కూర్చోబెట్టి అడగండి. పుస్తకాలకెక్కని లెక్కలు వారి దగ్గర చాలా ఉంటాయి.