గొడ్డలిని ఆపిన అర్జీ

పోర్ట్ బ్లెయిర్‌ (ఇప్పటి శ్రీ విజయపురం)లోని డైరీ ఫార్మ్ ప్రాంత జనానికి అడవి దూరపు సంగతి కాదు. పట్టణానికి తాగునీటి ప్రధాన ఆధారం ధనీఖారీ జలాశయం. దాని పైనున్న అడవి పలచబడితే వాననీటితో పాటు మట్టీ కొట్టుకొస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి సుమారు పదమూడుగురి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లిన కుటుంబాలే వారిలో ఎక్కువ. అక్కడి చెట్టు బతికిన కథ మనవాళ్లకూ చెందినదే.

బ్రిటిష్‌వారు 1883లో ఛాతమ్ దీవిలో రంపపు మిల్లు పెట్టారు. అండమాన్ పడాక్ కలపకు అప్పటి నుంచీ గిరాకీయే. స్వాతంత్ర్యం వచ్చాక ప్లైవుడ్ ఫ్యాక్టరీలూ తోడయ్యాయి. 1977లో ఏర్పడ్డ ప్రభుత్వ అటవీ కార్పొరేషన్ లిటిల్ అండమాన్‌లో నరుకుడు మొదలుపెట్టింది. సుమారు వందమంది మాత్రమే మిగిలిన ఒంగీ తెగవారి నివాసం ఆ దీవే.

1990ల చివర్లో మూడు స్వచ్ఛంద సంస్థలు కోర్టు మెట్లెక్కాయి. ఒకటి, పోర్ట్ బ్లెయిర్‌లో సమీర్ ఆచార్య నడిపిన సొసైటీ ఫర్ అండమాన్ అండ్ నికోబార్ ఎకాలజీ. రెండోది, ఢిల్లీ రిడ్జ్ అడవిని కాపాడుకోవడానికి 1979లో విద్యార్థులు మొదలుపెట్టిన కల్పవృక్ష్. మూడోది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ. అది పుట్టిందీ 1883లోనే, ఛాతమ్ మిల్లు పుట్టిన ఏడాదే.

ఆ అర్జీకి బలం ఆధారాలదే. ఆమోదం పొందిన వర్కింగ్ ప్లాన్ లేకుండా అడవి నరకరాదని గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. గిరిజన రిజర్వుకు చట్టపు రక్షణ ఉండనే ఉంది. ఈ రెంటికీ విరుద్ధంగా చెట్లు కూలుతున్నాయని సంస్థలు కోర్టు ముందుంచాయి. 2001లో సుప్రీంకోర్టు నరుకుడు ఆపించి, పరిశీలనకు శేఖర్ సింగ్‌ను కమిషనర్‌గా నియమించింది. ఆయన దీవులు తిరిగి చూసి, 2002 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చారు.

ఆ సిఫార్సుల మీద 2002 మే 7న తీర్పు వచ్చింది. గిరిజన రిజర్వుల్లో నరుకుడు నిషేధం. దీవుల కలప బయటికి పోకూడదు. స్థానికుల సొంత అవసరాలకు మాత్రం ప్రణాళిక ప్రకారం కోసుకోవచ్చు. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలను తోడేస్తున్న ఇసుక తవ్వకాన్ని ఏటా 20 శాతం చొప్పున తగ్గిస్తూ, అయిదేళ్లలో మూడో వంతుకు దించాలి. జారవా తెగవారి రిజర్వు గుండా పోయే అండమాన్ ట్రంక్ రోడ్డు భాగాలను మూసేయాలి.

కలప మీద బతికిన కార్మికుల పని పోయింది. ఆ నష్టాన్ని తక్కువ చేయకూడదు. అయితే కలప ఎగుమతి వ్యాపారానికి తెరపడడంతో అడవి నిలిచింది. ట్రంక్ రోడ్డు విషయంలో మాత్రం తీర్పు పూర్తిగా అమలు కాలేదు. పోలీసు కాపలాతో వాహనాల వరసలు ఆ దారిన పోతూనే ఉన్నాయి.

ఇప్పుడు పరీక్ష గ్రేట్ నికోబార్‌ది. ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్‌ల కోసం 130 చదరపు కిలోమీటర్ల అటవీ భూమిని మళ్లించే ప్రాజెక్టుకు 2022 నవంబరులో పర్యావరణ అనుమతి ఇచ్చారు. పెద్ద లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లు పెట్టే గలాథియా తీరం ఓడరేవుకు ఎంచుకున్న చోటు. ఈసారీ కొన్ని స్వచ్ఛంద సంస్థలు గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లాయి.

వాటికి మన మద్దతు కావాలి. డైరీ ఫార్మ్‌లో ఉన్నా, సోంపేటలో ఉన్నా, మీ ఊరికి వచ్చే ప్రాజెక్టు పర్యావరణ ప్రభావ నివేదిక అడిగి తీసుకోండి. చదవడం కష్టమైతే తెలిసినవారిచేత చెప్పించుకోండి. ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లి, అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇవ్వండి. 2002 తీర్పు అలాంటి కాగితాలతోనే మొదలైంది.