సంయోజన సామర్థ్యం, జనకాల ఎంపిక: జొన్న, పసుపు

పంటల ప్రజననంలో ఒక వంగడం ఇతర వంగడాలతో కలిసినప్పుడు సంతానానికి మేలు గుణాలను అందించే శక్తిని సంయోజన సామర్థ్యం అంటారు. తానుగా బాగా పండే వంగడం మంచి జనకం అవుతుందన్న భరోసా లేదు. చేలో సాదాగా కనిపించే వంగడం సరైన జత దొరికితే ఘనమైన సంకర రకాన్ని ఇవ్వవచ్చు. అందువల్ల జనకాలను వాటి రూపం చూసి కాక, వాటి సంతానాన్ని పరీక్షించి ఎంచుతారు. తెలుగు నేల మీద ఈ పద్ధతి జొన్నలో చక్కగా ఫలించింది. నిజామాబాద్ జిల్లా ఆర్మూరు పరిసరాల్లో జొన్న విత్తనం పండించే చేలూ, ఈ పద్ధతికి లొంగని పసుపు చేలూ పక్కపక్కనే ఉంటాయి.

మంచి కంకిని మరుసటి పంటకు దాచుకోవడం సేద్యమంత పాతది. సంకర రకాల శాస్త్రం 1908లో అమెరికాలో షల్ మొక్కజొన్న మీద చేసిన పరిశోధనతో మొదలైంది. సంయోజన సామర్థ్యాన్ని రెండుగా విడదీసి చూపినవారు స్ప్రేగ్, టేటమ్ (1942). ఒక జనకం తన జతలన్నిటిలో సగటున చూపే బలం సాధారణ సామర్థ్యం. ఏదో ఒక జతలో ఆ అంచనాకు మించి పెరిగినా, తగ్గినా అది ప్రత్యేక సామర్థ్యం. మొదటిదానికి ప్రధానంగా జన్యువుల కూడిక ప్రభావం, రెండోదానికి బహిర్గతత్వం, జన్యువుల పరస్పర చర్య కారణాలు. 1956లో గ్రిఫింగ్ ప్రతి జనకాన్నీ మిగతా అన్నిటితో కలిపే డయలెల్ విశ్లేషణను క్రమబద్ధం చేశాడు. అందులో 10 జనకాలకు 45 జతలు, 20 జనకాలకు 190 జతలు కావాలి. కెంప్‌థార్న్ (1957) వివరించిన లైన్-టెస్టర్ పద్ధతిలో 20 తల్లి వరుసలను నలుగురు తండ్రులతో కలిపితే 80 జతలతో పని తీరుతుంది. చేతిలో ఉన్న మడులు, మనుషులు తక్కువైన కేంద్రాలకు ఇది వరమైంది.

జొన్న పూవులో ఆడ, మగ భాగాలు కలిసే ఉంటాయి. చిన్న పూలలో పుప్పొడి తిత్తులను ఒక్కొక్కటిగా తీసి ఎకరాలకు సరిపడా విత్తనం తయారు చేయడం కుదరని పని. 1954లో టెక్సస్‌లో స్టీఫెన్స్, హాలండ్ మైలో, కాఫిర్ జొన్నల కలయికలో పుప్పొడి లేని వరుసను కనుగొనడంతో ఈ చిక్కు వీడింది. పదేళ్లకే, 1964లో, భారతదేశపు తొలి సంకర జొన్న సి.ఎస్.హెచ్.-1 విడుదలైంది. తల్లి అమెరికా నుంచి వచ్చిన సి.కె.60ఎ, తండ్రి ఐ.ఎస్.84. తల్లీతండ్రీ ఇద్దరూ పరదేశీయులే. దక్కను నాటు జొన్నలు ఏపుగా ఎదిగి ఆలస్యంగా కంకి వేసి, వానలు వెనుదిరిగాక పదును చాలక దెబ్బతినేవి. పొట్టిగా ఉండి దాదాపు వంద రోజులకే కోతకొచ్చే కొత్త రకం ఆ ఇబ్బందిని తప్పించింది. అయితే మొవ్వు ఈగ దాన్ని వదల్లేదు, గింజ నాణ్యత మీద కూడా ఫిర్యాదులు వచ్చాయి.

ఆ తర్వాతి దశలో రాజేంద్రనగర్‌లో జొన్న పరిశోధనను నడిపించిన ఎన్. గంగాప్రసాదరావు పేరు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. విదేశీ పొట్టి రకాలను, ఉష్ణమండల జొన్నలను కలిపి, వాటి సంతతి నుంచి కొత్త జనకాలను తీయడం ఆ కాలపు బాట. అలా జెరాజెరా అనే ఉష్ణమండల జొన్నల వారసత్వంతో వచ్చిన సి.ఎస్.3541 మూడు ప్రసిద్ధ సంకరాలకు తండ్రి: 2077ఎతో సి.ఎస్.హెచ్.-5, 2219ఎతో సి.ఎస్.హెచ్.-6, 296ఎతో సి.ఎస్.హెచ్.-9. తల్లులు మారినా తండ్రి నిలిచాడు. సాధారణ సామర్థ్యానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ వెతకనక్కర్లేదు. 1997 నాటి సి.ఎస్.హెచ్.-16లో జనకాలు మారాయి (27ఎ, సి 43). రబీలో మాత్రం ఎం.35-1 అనే మాల్దండి నాటు జొన్న ఎంపికను సంకరాలు నేటికీ పక్కకు నెట్టలేకపోయాయి.

సంకర జొన్న విత్తనపు చేలో సాధారణంగా నాలుగు ఆడ సాళ్లకు రెండు మగ సాళ్లు వేస్తారు. చుట్టూ వేరే జొన్న లేకుండా 200 మీటర్ల ఎడం ఉంచుతారు. ఆడ, మగ సాళ్లు రెండూ ఒకేసారి పూతకు రాకపోతే జనకాలు ఎంత మంచివైనా కంకిలో గింజ కట్టదు. ఆర్మూరు దగ్గరి అంకాపూర్ ఇలాంటి విత్తన సేద్యానికి పేరుపొందిన ఊరు. ఈ ప్రాంతపు ఎర్రజొన్న తిండికి కాదు, ఉత్తరాది రాష్ట్రాల్లో పశుగ్రాసం విత్తనంగా అమ్ముడవుతుంది. మేత జొన్నల్లోనూ జనకాల ఎంపిక ఊళ్లు దాటి సాగింది. సి.ఎస్.హెచ్.-24ఎం.ఎఫ్. తల్లి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వరుస ఐ.సి.ఎస్.ఎ.467, తండ్రి పంత్‌నగర్ మేత రకం పంత్ చరి-6.

పసుపు కథ వేరు. అది మూడు సమితుల క్రోమోజోముల (2ఎన్=63) మొక్క, గింజ అరుదు కాబట్టి సంతానాన్ని పరీక్షించి జనకాలను ఎంచడం కష్టం. రైతు నాటేది కొమ్ము, అంటే తల్లి మొక్క ప్రతిరూపమే. ఆర్మూరు, దుగ్గిరాల, మైదుకూరు, టేకూరుపేట వంటి ఊళ్ల పేర్లే రకాల పేర్లుగా నిలవడానికి ఇదే కారణం. మేలైన దుబ్బులను ఏరి పెంచడమే ఇక్కడ ప్రధాన మార్గం. అరుదుగా దొరికిన గింజల నుంచి మొలిపించిన మొక్కల్లోంచే కోజికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ ప్రభ, ప్రతిభ రకాలను ఎంపిక చేసింది. వాటిలో కుర్కుమిన్ 6 శాతం దాటుతుంది. పరపరాగ సంపర్కంతో స్వేచ్ఛగా కట్టిన గింజలు కాబట్టి, వీటి తల్లి తెలిసినా తండ్రి ఎవరో చెప్పలేం. నిజామాబాద్ జిల్లాలో పసుపు పరిశోధన కమ్మర్‌పల్లి కేంద్రంలో జరుగుతోంది.