గారపళ్ళు చెప్పిన చరిత్ర

మార్కాపురం పేరు చెప్పగానే ఎవరికైనా పలక జ్ఞాపకం వస్తుంది. ఆ ఊరి చుట్టుపట్ల భూమిలోనుంచి తీసిన రాతిపలకలమీద ఎన్నో తరాల పిల్లలు అక్షరాలు దిద్దారు. ఆ పడమటి ప్రాంతంలో నేల తన సంగతిని రాసిపెట్టే పలక మరొకటి కూడా ఉన్నది. అది మనిషి పన్ను. కొన్ని గ్రామాలలో పిల్లల ముందుపళ్ళమీద సుద్దముక్కవంటి తెల్లని మచ్చలు, పసుపుపచ్చని చారలు, కొందరికి గోధుమరంగు గుంటలు కనిపిస్తాయి. వాటిని మనవాళ్ళు గారపళ్ళు అంటారు. "పళ్ళు తోముకోడు, సోమరి" అని ఆ పిల్లవాణ్ణి ఇంటిలోనూ బడిలోనూ మందలిస్తారు. కాని ఎంత తోమినా ఆ మచ్చ పోదు. ఎందుకంటే అది పంటిమీద అంటుకొన్న మురికి కాదు. పన్ను తయారయ్యేటప్పుడే దాని పింగాణిపొరలో చేరిపోయిన లోపం. ఈ మచ్చకు మూలం తాగే నీటిలో ఉన్న ఫ్లోరైడు. ఈ సంగతి లోకానికి తెలిసిన తీరులో మన పొదిలి, దర్శి, కనిగిరి సీమలకు ముఖ్యమైన స్థానం ఉన్నది.

అమెరికాలో మొదలైన అన్వేషణ

1901వ సంవత్సరంలో ఫ్రెడరిక్ మెకే అనే యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో వైద్యం ప్రారంభించాడు. అక్కడ పుట్టి పెరిగినవారిలో చాలామంది పళ్ళమీద గోధుమరంగు మచ్చలు చూచి ఆశ్చర్యపోయాడు. పెద్దవారై అక్కడికి వచ్చి స్థిరపడినవారికి ఆ మచ్చలు లేవు. కనుక కారణమేదైనా అది పళ్ళు ఏర్పడే వయస్సులోనే పనిచేస్తున్నదని తేలింది. ఆనాటి ప్రసిద్ధ దంతశాస్త్రజ్ఞుడు జి. వి. బ్లాక్ కూడ ఈ పరిశోధనలో మెకేతో చేయి కలిపాడు.

ఇడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊరి అనుభవం ఈ కథలో గొప్ప మలుపు. అక్కడ ఒక వేడినీటి ఊటనుంచి గొట్టాలద్వారా ఊరికి నీరు తెచ్చుకొన్న తరువాత పిల్లల పళ్ళు మచ్చలు పడసాగాయి. ఆ మార్పును మొదట గమనించినది తల్లులే. మెకే సలహాపై 1925లో ఆ ఊరివారు ఆ నీటిని మాని వేరొక ఊటనుంచి నీరు తెచ్చుకొన్నారు. కొన్నేళ్ళకు, ఆ తరువాత పుట్టిన పిల్లల పళ్ళు శుభ్రంగా వచ్చాయి. నీటిలో ఉన్నది ఏమిటో అప్పటికింకా తెలియదు. అయినా నీరు మారిస్తే రోగం ఆగుతుందని రుజువైంది. ఈ మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. 1931లో హెచ్. వి. చర్చిల్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు ఆర్కన్సాస్ రాష్ట్రంలోని బాక్సైట్ అనే ఊరినుంచి వచ్చిన నీటిని వర్ణపట పద్ధతిలో పరీక్షించి, అందులో ఫ్లోరిన్ ఎక్కువగా ఉన్నదని కనుగొన్నాడు. ముప్పై ఏళ్ళ వెదుకులాటకు సమాధానం దొరికింది.

పొదిలి, దర్శి, కనిగిరి

అంతవరకు ఇది పళ్ళ అందానికి సంబంధించిన సమస్యగానే ఉన్నది. అది ఎముకలను కూడ పట్టి పీడిస్తుందని 1932లో డెన్మార్కు వైద్యులు చూపారు. అయితే వారు చూచినది క్రయొలైటు అనే ఫ్లోరిన్ ఖనిజాన్ని పొడిచేసే కర్మాగారంలో ఏళ్ళ తరబడి ఆ ధూళిని మింగిన కార్మికులను. కర్మాగారం మాట ఎరుగని పల్లెలో, కేవలం బావినీరు తాగి మనిషి అవిటివాడవుతాడని వెల్లడించినది మన ప్రాంతమే.

నాడు పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలోనివి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఇవన్నీ ఒక జిల్లాగా చేరాయి. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. ఈ మెట్టసీమలో మొదట ఎద్దులు కీళ్ళు పట్టేసి అరక లాగలేకపోవడాన్ని రైతులు గమనించారనీ, మనుషులలో వ్యాధిని గుర్తించడం ఆ తరువాత జరిగిందనీ చెబుతారు.

1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అనే నలుగురు మద్రాసు రాజధానిలోని ఫ్లోరిన్ వ్యాధిని గురించి భారతీయ వైద్య పరిశోధన పత్రికలో వ్యాసం ప్రకటించారు. వీరిలో షార్ట్ మద్రాసు సమీపంలోని గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు అధిపతి. మలేరియా పరాన్నజీవి రక్తంలో ప్రవేశించే ముందు కాలేయంలో దాగి పెరుగుతుందని 1948లో గార్న్‌హామ్‌తో కలిసి కనుగొన్నది ఈ షార్టే.

వారు వర్ణించిన రోగక్రమం నేటికీ వైద్యవిద్యార్థులు చదివేదే. బాల్యంలో కనిపించే గుర్తు పళ్ళ మచ్చలు మాత్రమే. ముప్పై ఏళ్ళ ప్రాంతంలో కాళ్ళూ చేతులూ చిమచిమలాడడం, తిమ్మిరెక్కడం మొదలవుతుంది. ఆ తరువాత నడుములో నొప్పి, బిగుసుకుపోవడం. క్రమంగా వెన్నుపూసలన్నీ అతుక్కొని వెన్ను ఒకే కర్రలాగ అవుతుంది. మెడ తిరగదు, పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. పక్కటెముకలు కదలక ఊపిరి పొట్టతోనే తీయవలసి వస్తుంది. నలభై దాటేసరికి కొందరు మంచం పట్టేవారు. ఇందులో మొదటి మెట్టును చూడండి: చిమచిమ, తిమ్మిరి. అవి పైకి కనిపించేవి కావు, మనిషికి లోపల తెలిసేవి మాత్రమే. పగలంతా పొలంలో వంగి పనిచేసేవాడు వాటిని అలసట అనుకొంటాడు, ఇంటివారు వాతమంటారు, మరికొందరు కర్మ అంటారు. శరీరం మొదట చెప్పిన మాట వినేవారు లేక రోగం ముదిరేది.

1940లో సి. జి. పండిట్, రాఘవాచారి మొదలైనవారు ఈ పరిశోధనను కొనసాగించారు. ఒకే మోతాదు ఫ్లోరిన్ ఉన్న నీరు తాగినా, పోషకాహారం తక్కువైన పేదలలో ఎముకల వ్యాధి తీవ్రమవుతుందని వారు గమనించారు.

రాతిలోనుంచి ఎముకలోనికి

ఫ్లోరిన్ నీటిలోనికి ఎలా వచ్చింది? గ్రానైటు జాతి రాళ్ళలో ఫ్లోరైటు, ఎపటైటు, అభ్రకం వంటి ఖనిజాలు ఉంటాయి. రాయి శిథిలమయ్యేటప్పుడు వాటిలోని ఫ్లోరిన్, ఫ్లోరైడు రూపంలో భూగర్భజలంలో కరుగుతుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడుతో కలిసి అడుగున చేరుతుంది, కరిగినది ఎక్కువ నిలవదు. సోడియం, బైకార్బొనేటు ఎక్కువై కాల్షియం తక్కువైన నీటిలో ఫ్లోరైడు హాయిగా కరిగి ఉంటుంది. వాన తక్కువై, నీరు రాతిపగుళ్ళలో చాలాకాలం నిలిచే మెట్టప్రాంతాలలో ఇది జరుగుతుంది. వాననీటితో నిండే చెరువులలో ఫ్లోరైడు సాధారణంగా తక్కువ. అందుకే ఒకే ఊరిలో చెరువునీరు తాగిన తరం ఒక విధంగా, బోరునీరు తాగిన తరం మరొక విధంగా ఉండవచ్చు.

ఇక శరీరంలో జరిగేదేమిటి? మన ఎముక, పన్ను ముఖ్యంగా కాల్షియం, భాస్వరంతో కూడిన హైడ్రాక్సీఎపటైటు అనే స్ఫటికాలతో కట్టినవి. ఆ స్ఫటికంలోని హైడ్రాక్సిల్ అయాను, ఫ్లోరైడు అయాను ఇంచుమించు ఒకే పరిమాణం కలవి. కనుక ఒకదాని స్థానంలో మరొకటి సులభంగా కూర్చొంటుంది. పెద్దవారు తీసుకొన్న ఫ్లోరైడులో దాదాపు సగం మూత్రపిండాలద్వారా బయటకు పోతుంది. మిగిలినది ఎముకలలో చేరుతుంది. ఎదిగే పిల్లలలో నిలిచే భాగం ఇంకా ఎక్కువ. ఏళ్ళ తరబడి ఇలా చేరగా ఎముక మందమవుతుంది, స్నాయువులు కూడ ఎముకవలె గట్టిపడతాయి. వెన్నులోని దారి ఇరుకై వెన్నుపాము నలిగితే కాళ్ళు చచ్చుబడతాయి.

ఇదే ఫ్లోరైడు కొద్దిమోతాదులో పళ్ళను పుచ్చిపోకుండా కాపాడుతుంది. 1945లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరంలో తాగేనీటికి కావాలనే ఫ్లోరైడు చేర్చడం ప్రారంభించారు. వారు చేర్చినది లీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము. మనదేశపు ప్రమాణం ప్రకారం తాగేనీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. వేరే ఆధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు సహించవచ్చు. ఇక్కడ ఒక చిన్న లెక్క అవసరం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న నీటిని చల్లని దేశంలో 2 లీటర్లు తాగేవానికి రోజుకు 3 మిల్లీగ్రాములు చేరుతుంది. మన వేసవిలో పొలంపని చేస్తూ 5 లీటర్లు తాగేవానికి 7.5 మిల్లీగ్రాములు చేరుతుంది. నీరు ఒకటే, మోతాదు వేరు.

నల్లగొండ నేర్పిన పాఠాలు

1945లో హైదరాబాదు రాజ్యంలో కూడ ఈ వ్యాధి ఉన్నట్లు డావర్ వెల్లడించాడు. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగులను గురించి బ్రిటిష్ వైద్య పత్రికలో విపులంగా రాశాడు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి మరొక కొత్త రూపాన్ని కనుగొన్నారు: ఎదిగే పిల్లల కాళ్ళు వంగి మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకోవడం. నీటితోపాటు తిండి, నేలలోని ఇతర ధాతువులు కూడ ఈ వ్యాధి రూపాన్ని మార్చగలవని దీనివల్ల తెలిసింది.

నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1975లో నల్లగొండ పద్ధతిని ప్రకటించింది. నీటిలో సున్నం, పటిక, విరంజన చూర్ణం తగిన పాళ్ళలో కలిపి తిప్పి, తేరనిస్తే ఫ్లోరైడులో చాలాభాగం మడ్డితో దిగుతుంది. బిందెలోనైనా చేయగల పద్ధతి. కాని నీటినిబట్టి పటిక పాలు మారాలి. రోజూ మడ్డి తీయాలి. పాలు తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. పద్ధతి కనిపెట్టినంత సులభం కాదు, దానిని ఊరూరా ప్రతిరోజూ నడిపించడం.

జన్యువులను దిద్దవచ్చును గాని

నేడు వార్తాపత్రికలలో జన్యువులను కత్తిరించి దిద్దే విద్య గురించి తరచు చదువుతున్నాము. 2012లో ప్రకటితమైన క్రిస్పర్ పద్ధతి ఆధారంగా, కొడవలికణ రక్తవ్యాధికి చేసిన చికిత్సకు 2023లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. అలాగే ఫ్లోరిన్ వ్యాధిని కూడ జన్యువులలోనే జయించరాదా అని విద్యార్థులు అడగవచ్చు. ప్రశ్న మంచిదే. వ్యాధి తీవ్రతలో జన్యువుల పాత్ర లేకపోలేదు. ఒకే నీరు తాగించినా కొన్ని జాతుల ఎలుకల పళ్ళు త్వరగా పాడవుతాయి, మరికొన్నిటివి తట్టుకొంటాయి. ఫ్లోరైడు సోకగానే పసిగట్టి దానిని బయటకు నెట్టే జన్యువ్యవస్థ బాక్టీరియాలలో ఉన్నదని కూడ 2012లో తేలింది.

అయితే రక్తవ్యాధి ఉన్నవానిలో తప్పు అతని జన్యువులో ఉన్నది. పొదిలి రైతు జన్యువులో తప్పేమీ లేదు. తప్పు అతని చెంబులోని నీటిలో ఉన్నది. దిద్దవలసినది కూడ దానినే. ఎముకలో ఏళ్ళ తరబడి పేరుకొన్నదానిని తీసివేసే మందు లేదు. రాకుండా చేయడమే మార్గం. ఆ మార్గం ఓక్లీ ఊరివారికి 1925లోనే తెలుసు. పడమటి ప్రకాశం ప్రజలు కృష్ణాజలాలను కోరేది పొలాలకోసం మాత్రమే కాదు. వెలిగొండ పథకానికి 1996లో పునాదిరాయి వేశారు. నల్లమల కొండలను తొలిచిన జంట సొరంగాలకు 2024 మార్చిలో ప్రారంభోత్సవం జరిగింది. సొరంగం పూర్తయిన రోజు ఒకటి, ఇంటి ముంగిట మంచినీరు పడే రోజు మరొకటి. ఈ రెండు రోజుల నడుమ పుట్టే పిల్లల పళ్ళే ఆ జాప్యానికి లెక్క చెబుతాయి.

ఉపాధ్యాయులు చేయగల పని

ఈ లెక్క చూడడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. పై ముందుపళ్ళ పింగాణిపొర పుట్టిన కొద్ది నెలలనుంచి నాలుగైదేళ్ళలోపున తయారవుతుంది. కనుక పద్నాలుగేళ్ళ విద్యార్థి ముందుపన్ను అతడు పాలు తాగే వయస్సులో ఇంట ఏ నీరు వాడారో చెప్పే చరిత్రపుట. మచ్చలు కుడిఎడమల జంటపళ్ళమీద ఒకేవిధంగా ఉండి, తోమితే పోకపోతే ఫ్లోరైడును అనుమానించాలి. తరగతిలోని పిల్లలు ఏ ఏ బావుల నీరు తాగి పెరిగారో పట్టికవేస్తే, ఏ బావి చెడ్డదో చాలావరకు తెలుస్తుంది. జిర్కోనియం, అలిజరిన్ కలిసిన గులాబిరంగు ద్రావకం ఫ్లోరైడువల్ల పసుపువైపు మారుతుంది. ఈ పరీక్షను ఉన్నత పాఠశాలలో చేసి చూపవచ్చు. పెద్దవారిలో మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళను తాకగలరా, గడ్డాన్ని రొమ్ముకు ఆనించగలరా, చేతులను తలవెనుకకు చాచగలరా అని చూడాలి. చేయలేనివారిని వైద్యునివద్దకు పంపాలి. పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామవంటివి పిల్లల తిండిలో ఉండేటట్లు తల్లులకు చెప్పాలి. అవి మంచినీటికి బదులు కావు, తోడు మాత్రమే.

అన్నిటికంటె ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. దానికి పైసా ఖర్చు లేదు. నోటికి చేయి అడ్డం పెట్టుకొని నవ్వే విద్యార్థి కనిపిస్తే, పళ్ళు తోముకోలేదని అతణ్ణి మందలించకండి. "నాయనా, మీ ఇంట ఏ బావి నీరు తాగుతారు?" అని అడగండి. మెకే కొలరాడోలో అడిగినదీ, షార్టు బృందం నెల్లూరు జిల్లాలో అడిగినదీ ఆ ప్రశ్ననే.